కాన్ఫరెన్స్ మారితే కాలేజీ దశ తిరుగుతుందా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఓ యూనివర్సిటీ అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్‌లో టీముల ప్రయాణాలు, వాటి ఖర్చుల లెక్కలు చూడటం నా ఉద్యోగం. ఫుట్‌బాల్ (అంటే అమెరికన్ ఫుట్‌బాల్) నా చేతిలో లేదు. దానికి వేరే మనుషులు, వేరే బడ్జెట్, వేరే విమానం. నాకు వచ్చేది వాలీబాల్, టెన్నిస్, సాకర్, సాఫ్ట్‌బాల్. 2024లో కాన్ఫరెన్సులన్నీ కలగాపులగం అయిన దగ్గర్నుంచి తెలిసినవాళ్లు, ముఖ్యంగా పిల్లలు టెన్నిస్, గోల్ఫ్ ఆడే ఇక్కడి తెలుగు తల్లిదండ్రులు, కొన్ని మాటలు పదేపదే అంటున్నారు. అందులో సగం నిజం కాదు.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట: కాన్ఫరెన్స్ అంటే తమలో తాము మ్యాచ్‌లు ఆడుకుంటూ, టీవీ హక్కులు కలిపి అమ్ముకునే యూనివర్సిటీల కూటమి.

అపోహ: ఏ కాలేజీ ఏ కాన్ఫరెన్స్‌లో ఉండాలో కాలేజీ క్రీడల జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ నిర్ణయిస్తుంది.

వాస్తవం: అది కాలేజీకీ, కాన్ఫరెన్స్‌కీ మధ్య వ్యవహారం. ఒకప్పుడు ఫుట్‌బాల్ ప్రసారాలు ఎన్‌సీఏఏ గుప్పిట్లో ఉండేవి. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు వేసిన కేసులో 1984లో సుప్రీంకోర్టు ఆ పట్టు విడిపించింది. అప్పట్నుంచి హక్కులు అమ్ముకునే దారి కాలేజీలకు, కాన్ఫరెన్సులకు తెరుచుకుంది. ఇప్పుడు చూస్తున్న వలసలన్నిటికీ మూలం అక్కడుంది.

అపోహ: పెద్ద కాన్ఫరెన్స్‌లో చేరితే ఇక డబ్బే డబ్బు.

వాస్తవం: 2022లో బిగ్ టెన్ కాన్ఫరెన్స్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం చేసుకుంది. ఆ అంకెను సభ్యుల సంఖ్యతో భాగించి "ఒక్కో కాలేజీకి ఇంత" అని వార్తలు రాస్తారు. కొత్తగా వచ్చినవాళ్లకు సమాన వాటా దొరకడం అరుదు. ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌లోకి దాదాపు సగం వాటాతో వెళ్లాయి. ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్)లో చేరిన స్టాన్‌ఫర్డ్, కాల్ (కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీ) మొదటి ఏడేళ్లూ టీవీ డబ్బులో సుమారు 30 శాతమే తీసుకుంటాయి. డల్లాస్‌లోని ఎస్‌ఎంయూ అయితే తొమ్మిదేళ్లు టీవీ డబ్బు అక్కర్లేదని ఏసీసీలో చేరింది. దాతలు వారంలో 10 కోట్ల డాలర్లు పోగేసి ఇచ్చారు. మొదటి సీజన్‌లోనే ఆ ఫుట్‌బాల్ టీము జాతీయ టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్‌కి వెళ్లింది కాబట్టి అందరూ భేష్ అంటున్నారు. అలాంటి దాతలు ఎన్ని కాలేజీలకు ఉంటారు?

వదిలిపోవడానికీ ఖర్చుంది. టెక్సస్, ఓక్లహోమా ఏడాది ముందుగా బిగ్ 12 కాన్ఫరెన్స్ వదిలి 2024లో ఎస్‌ఈసీ (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్)కి వెళ్లడానికి ఇద్దరి లెక్కా కలిపి 10 కోట్ల డాలర్లు. ఏసీసీ నుంచి 2014లో బిగ్ టెన్‌కి మారిన మేరీల్యాండ్‌కి 3 కోట్ల 14 లక్షలు పోయాయి. బిగ్ టెన్‌కి వెళ్లిన యూసీఎల్ఏది ఇంకో రకం కథ. అది, కాల్ ఒకే యూనివర్సిటీ వ్యవస్థలోవి. చెల్లెలు ఎగిరిపోయి అక్కని నడిరోడ్డు మీద వదిలేసినట్టయిందని కాబోలు, మూడేళ్లపాటు ఏడాదికి కోటి డాలర్లు కాల్‌కి ఇవ్వమని రీజెంట్లు (ఆ వ్యవస్థ పాలకమండలి) తేల్చారు. దీనికి తోడు 2025లో కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంట్ ప్రకారం, కాలేజీలు ఆటగాళ్లకే నేరుగా డబ్బు పంచవచ్చు; మొదటి ఏడాది 2025-26కి పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. పై స్థాయిలో పోటీపడాలనుకున్నవాళ్లు పంచక తప్పదు. కుడిచేత్తో వచ్చింది ఎడమచేత్తో పోతోంది. వార్తల్లో కనిపించేది కుడిచెయ్యి మాత్రమే.

అపోహ: దూరం పెరిగితే ఏముంది, విమానమే కదా!

వాస్తవం: ఈ మాట ఫుట్‌బాల్‌కి చెల్లుతుంది. సీజన్‌లో పన్నెండు మ్యాచ్‌లు, సగం సొంతగడ్డ మీదే, వెళ్లేది చార్టర్ విమానంలో. టీవీవాళ్లు కొనేది ఆ ఆట, దాని కోసమే ఈ కూటములన్నీ మారాయి. బిల్లు మాత్రం మిగతా క్రీడలన్నీ కట్టుకుంటున్నాయి.

వాలీబాల్ తీసుకోండి. వారానికి రెండు మ్యాచ్‌లు, మామూలు విమానాలు. పడమటి తీరం నుంచి న్యూజెర్సీ వెళ్లే టీము బుధవారం సాయంత్రం బయల్దేరి, ఎక్కడో విమానం మారి, అర్ధరాత్రి దాటాక హోటల్ చేరుతుంది. గురువారం మధ్యాహ్నం రెండింటికి సొంత క్యాంపస్‌లో కెమిస్ట్రీ పరీక్ష ఉంటుంది. న్యూజెర్సీలో అప్పుడు సాయంత్రం అయిదు. హోటల్ మీటింగ్ రూమ్‌లో నలుగురమ్మాయిలు ఆ పరీక్షే రాస్తుంటారు. టీముతో వెళ్లిన అకడమిక్ కోఆర్డినేటర్ ఫోన్లన్నీ ఒక అట్టపెట్టెలో వేసుకుని ఎదురుగా కూర్చుంటారు. అయిదింటి ప్రాక్టీస్ ఏడింటికి జరుగుతుంది, దాంతో జిమ్ టైమ్ మార్చమని, బస్సు డ్రైవర్‌ని ఆపమని, భోజనం ఆలస్యంగా పంపమని మూడు ఫోన్లు నేను చేయాలి. శుక్రవారం మ్యాచ్. శనివారం బస్సులో ఇంకో ఊరు. ఆదివారం మ్యాచ్. ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి. సోమవారం తొమ్మిదింటికి ల్యాబ్.

ఇంకో చిన్న సంగతి, బయటివాళ్లకు నవ్వొస్తుంది. ఆరడుగుల రెండంగుళాల అమ్మాయికి అయిదు గంటల ప్రయాణంలో మధ్య సీటు పడితే కోచ్ నుంచి నాకు మెసేజ్ వస్తుంది. మర్నాడు ఆమె ఎగరాల్సిన ఎత్తు నాకూ తెలుసు, తప్పు పట్టలేను.

ఒకే ప్రయాణంలో రెండు మ్యాచ్‌లు పెట్టడం లాంటి సర్దుబాట్లు కాన్ఫరెన్సులు చేస్తున్నాయి. కొంత ఊరటే. గడియారంలో మూడు గంటల తేడాని మాత్రం ఏ షెడ్యూలూ తీసెయ్యలేదు.

అపోహ: కాలేజీ మారితే దాని క్రీడలన్నీ మారినట్టే.

వాస్తవం: కాదు. నోట్రడామ్ ఫుట్‌బాల్‌లో స్వతంత్రం, ఐస్ హాకీలో బిగ్ టెన్, మిగతా చాలా క్రీడల్లో ఏసీసీ. బిగ్ టెన్‌కి మారిన యూసీఎల్ఏ, యూఎస్‌సీల వాటర్ పోలో, పురుషుల వాలీబాల్ టీములు పశ్చిమ తీరంలోని మౌంటెన్ పసిఫిక్ స్పోర్ట్స్ ఫెడరేషన్‌లో ఆడుతున్నాయి. మీ పిల్లల క్రీడ ఎందులో ఉందో విడిగా కనుక్కోండి.

అపోహ: మిగిలిపోయిన కాలేజీల పని అయిపోయింది.

వాస్తవం: 1915లో మూలాలున్న పశ్చిమ తీరపు కాన్ఫరెన్స్ పాక్-12 నుంచి పది కాలేజీలు వెళ్లిపోయాయి. 2023 ఆగస్టు 4న ఒక్కరోజే అయిదు జారుకున్నాయి. చివరికి మిగిలినవి ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. వాటి ఆట తీసికట్టని కాదు, అవి ఉన్న కోర్వాలిస్, పుల్‌మన్ చిన్న ఊళ్లు, టీవీ ప్రేక్షకులు తక్కువ. ఆ రెండూ కోర్టుకెళ్లి కాన్ఫరెన్స్ పగ్గాలు దక్కించుకున్నాయి. ఫుట్‌బాల్ షెడ్యూల్ మౌంటెన్ వెస్ట్ అనే ఇంకో కాన్ఫరెన్స్‌తో కుదుర్చుకుని, బాస్కెట్‌బాల్ లాంటి క్రీడల్ని వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఆడించాయి. 2024 సెప్టెంబరులో వాషింగ్టన్ స్టేట్ తనను వదిలిపోయిన వాషింగ్టన్ యూనివర్సిటీని ఫుట్‌బాల్‌లో 24-19తో ఓడించింది. ఆ వారం మా ఆఫీసులో చాలామంది లోలోపల సంబరపడ్డాం.

బాయిజీ స్టేట్, శాన్‌డియేగో స్టేట్, గొన్జాగా తదితరులతో కొత్త పాక్-12కి మొదలు 2026 జులై. మునిగిపోలేదన్నమాట. అయితే ఆదాయం బాగా పడిపోయింది. కొత్త సభ్యుల్లో అయిదుగురిని లాక్కొచ్చింది కష్టకాలంలో ఆదుకున్న మౌంటెన్ వెస్ట్ నుంచే. తమకు జరిగిందే పక్కవాళ్లకు చేశారు. ఈ రంగంలో దాన్నెవరూ పెద్ద తప్పుగా చూడరు, నాకు మాత్రం మింగుడుపడలేదు.

అపోహ: పాత వైరాలన్నీ మాయమయ్యాయి.

వాస్తవం: కొన్ని పోయాయి, కొన్ని తిరిగొచ్చాయి. ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ ఏటా ఆడే ఫుట్‌బాల్ పోరు 2023తో ఆగింది. 2011 తర్వాత ఆగిపోయిన టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం పోరు 2024లో మళ్లీ మొదలైంది.

అపోహ: కాలేజీకి డబ్బొస్తే ఫీజులు తగ్గుతాయి.

వాస్తవం: ఎంఎస్‌కి వచ్చిన మన పిల్లలు ఆశగా అడుగుతారు. క్రీడల ఖాతా వేరు, చదువుల ఖాతా వేరు. పైగా చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో విద్యార్థుల ఫీజులో కొంత క్రీడలకే వెళ్తుంది. ఫీజు బిల్లు లైన్ లైన్‌గా చదివితే కొన్నిచోట్ల ఆ పద్దు విడిగా కనిపిస్తుంది.

రిక్రూటింగ్‌లో (కాలేజీ టీములు ఆటగాళ్లను ఎంచుకునే దశలో) ఉన్న పిల్లల తల్లిదండ్రులు కోచ్‌ని లోగో గురించి కాదు, ఇవి అడగండి. పోయిన సీజన్‌లో టీము ఎన్ని రాత్రులు బయట గడిపింది? ట్యూటర్ వెంట వస్తారా? సోమవారం తప్పనిసరి ల్యాబ్ ఉన్న మేజర్ (ప్రధాన సబ్జెక్టు) తీసుకున్నవాళ్లు టీములో ఎందరున్నారు? పోయిన ఏడాది షెడ్యూల్ టీము వెబ్‌సైట్‌లో ఉంటుంది, మ్యాప్ పక్కన పెట్టుకుని చూసుకుని వెళ్లండి. కోచ్‌లకు అలాంటి తల్లిదండ్రులంటే కాస్త భయం.