చిన్న సినిమాకి మార్నింగ్ షో ఒక్కటే ఎలా మిగిలింది?

బెంగళూరులో పెద్ద తెలుగు సినిమా వస్తోందంటే రెండు గొడవలు జంటగా మొదలవుతాయి. ఒకటి టికెట్ రేటు. రెండోది ‘మీది మాస్ సినిమా, మాది మంచి సినిమా’ అనే వాదన. మారతహళ్లి అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇదే, మడివాళ సంధ్య థియేటర్ దగ్గర టీకొట్టులోనూ ఇదే. టికెట్ 200 రూపాయలు మించకూడదని కర్ణాటక ప్రభుత్వం పెట్టిన పరిమితి కోర్టుకెక్కాక రెండు గొడవలూ కలిసిపోయాయి. ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో తేల్చడం కష్టంగా ఉంది.

పోలిక ముదిరింది 2023 మార్చిలో. ‘కేరాఫ్ కంచరపాలెం’ తీసిన వెంకటేష్ మహా ఒక యూట్యూబ్ చర్చలో తోటి దర్శకులతో కూర్చుని, బంగారం కావాలన్న తల్లి, దాన్ని పోగేసే కొడుకు అంటూ ఒక భారీ సినిమా కథను ఎగతాళి చేశారు. అది ‘కేజీఎఫ్’ గురించేనని అందరికీ అర్థమైంది. హీరో పాత్ర మీద వాడిన తిట్టు నిజంగానే నోరుజారుడు. తర్వాత ఆయన వీడియో పెట్టి, భాష తప్పేనని ఒప్పుకున్నారు, అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు. అక్కడితో అయిపోవాల్సిన కథ. కానీ అప్పటినుంచి ఇక్కడ చిన్న సినిమాని మెచ్చుకున్న ప్రతివాడూ ‘నువ్వూ ఆ బాపతేనా’ అన్న ప్రశ్నకి ముందు జవాబు చెప్పుకోవాల్సి వస్తోంది.

బెంగళూరు తెలుగువాళ్లకి ఇది ఇంకాస్త ఇరకాటం. కేజీఎఫ్ తీసిన హోంబాలే ఫిలిమ్స్ ఈ ఊరి సంస్థ. దర్శకుడు ప్రశాంత్ నీల్ మూలాలు మడకశిర దగ్గర నీలకంఠాపురంలో ఉన్నాయి. కోలార్ గనులు ఇక్కడికి వంద కిలోమీటర్ల దూరం. ఆ సినిమాని వెనకేసుకొస్తే ఉంటున్న ఊరూ మనదే, పుట్టిన జిల్లా కూడా మనదే అన్నట్టు ఉంటుంది. విశాఖలో కంచరపాలెం అనే పేటలో, ఎక్కువమంది ఆ పేటవాళ్లతోనే తీసిన సినిమాకి ఇక్కడ అలాంటి అండ ఎక్కడిది?

ఇదంతా అభిరుచుల తగువని చాలామంది అనుకుంటున్నారు. నాకలా అనిపించదు. అసలు మలుపు వెంకటేష్ మహా వీడియోకి పదకొండేళ్ల ముందే వచ్చింది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

అంతకుముందు కర్ణాటకలో పరభాషా సినిమాలకి కట్టుబాట్లుండేవి. 2004లో అయితే వేరే భాషల సినిమాలు వాటి సొంత రాష్ట్రాల్లో విడుదలైన ఏడు వారాల తర్వాతే ఇక్కడికి రావాలని కన్నడ పరిశ్రమ పట్టుబట్టింది. ఆ పట్టు సడలాక కూడా ఇన్ని థియేటర్లు మించకూడదన్న లెక్క ఉండేది. కన్నడ సినిమాని కాపాడుకోవడానికి పెట్టుకున్న గట్టు అది. ముంబయి పెద్ద సంస్థలు ఫిర్యాదు చేశాయి. 2012 ఫిబ్రవరిలో వ్యాపారంలో పోటీని కాపాడే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ ఇలాంటి ఆంక్షలు చెల్లవని తేల్చి, కర్ణాటక ఫిల్మ్ చాంబర్ సహా పలు సంఘాలకి జరిమానా వేసింది.

చట్టం ప్రకారం అది సరైన తీర్పే. ప్రేక్షకుడు ఏ భాష సినిమా చూడాలో సంఘాలు నిర్ణయించకూడదు. కానీ సరిగ్గా అదే సమయంలో రీళ్లు పోయి డిజిటల్ వచ్చింది. ప్రింటుకి వేలకి వేలు పోయాలి కాబట్టి ఎంత పెద్ద నిర్మాతైనా లెక్క చూసుకునే రోజులు పోయాయి. అటు నిబంధన లేదు, ఇటు ఖర్చు అడ్డం లేదు. మల్టీప్లెక్సులో ఆరు స్క్రీన్లుంటే నాలుగింట్లో ఒకే సినిమా వేసుకోవచ్చు. గట్టు తీసింది కన్నడ, తెలుగు తేడా పోవాలని. పోయింది మాత్రం పెద్ద సినిమాకి ఉన్న హద్దు.

డిజిటల్ వస్తే చిన్నవాళ్లు బాగుపడతారని అప్పట్లో అందరం నమ్మాం. కెమెరా చవకైంది, నిజమే. ప్రొజెక్షన్ మాత్రం సర్వీస్ కంపెనీల చేతికి పోయింది. వీపీఎఫ్ (వర్చువల్ ప్రింట్ ఫీ) పేరుతో స్క్రీన్‌కి ఇంతని నిర్మాత కట్టాలి. పెద్ద సినిమాకి అది ఓపెనింగ్స్‌లో కలిసిపోయే మొత్తం. పదిహేను మంది కూర్చున్న షోకి అదే గుదిబండ. ఈ చార్జీల మీదే 2018 మార్చి 2 నుంచి దక్షిణాది నిర్మాతలు సినిమాలు ఆపేశారు. తెలుగు రాష్ట్రాల్లో థియేటర్లు మూతపడ్డాయి. తెలుగువైపు వారానికల్లా రాజీ కుదిరింది. ప్రేక్షకుడికి గుర్తున్నది ఆ వారం సినిమా లేకపోవడం ఒక్కటే.

ఇంకో లెక్క కూడా ఉంది. 2009లో హిందీ నిర్మాతలు మల్టీప్లెక్సులతో రెండు నెలలు పోరాడి పంపకం కుదుర్చుకున్నారు. వసూళ్లలో నిర్మాత వాటా మొదటి వారం 50 శాతం, రెండో వారం 42.5, మూడో వారం 37.5, ఆపైన 30. ఇలా వారం వారం తగ్గే పద్ధతిలో ఎవడైనా ఏం చేస్తాడు? ఉన్న జనాన్నంతా మొదటి మూడు రోజుల్లోనే లాగేస్తాడు. మౌత్ టాక్ మీద బతికే సినిమాకి జనం వచ్చేది రెండో వారంలో. అప్పటికి దాని వాటా తగ్గుతుంది, చాలాసార్లు అసలు స్క్రీనే ఉండదు.

ఏ శుక్రవారమైనా బుకింగ్ యాప్ తెరిచి చూడండి. పెద్ద సినిమా కింద పొద్దున్న ఏడు నుంచి రాత్రి పదకొండు దాకా టైమింగ్స్ వరుసలు వరుసలుగా, కిందికి జరుపుతుంటే అయిపోవు. చిన్న సినిమా పేరు కొడితే రెండు మాల్స్ వస్తాయి. ఒకదాంట్లో పది గంటల పది నిమిషాలకి, ఇంకోదాంట్లో మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి. సోమవారం పొద్దున్న పదింటికి వైట్‌ఫీల్డ్‌లో సినిమాకి ఎవరెళ్తారు? మేనేజర్ కాల్‌లో ఉంటాడు, మనమూ అదే కాల్‌లో ఉంటాం. మంగళవారానికి ‘జనం రావట్లేదు’ అని ఆ షో కూడా తీసేస్తారు. తర్వాత అభిమానులు ఆ అంకెనే చూపించి ‘మీ సినిమాని ఎవరు చూశారు’ అంటారు.

కంచరపాలెం మాటకొస్తే, 2018 సెప్టెంబర్ 7న అది థియేటర్లకి రాగలిగిందంటే సురేష్ ప్రొడక్షన్స్ తరఫున రానా సమర్పించడం వల్ల. అంతకు పదహారు నెలల ముందు ‘బాహుబలి 2’లో భల్లాలదేవుడిగా దేశమంతా స్క్రీన్లు నింపిన రానానే. అంటే చిన్న సినిమాకి తలుపు తీయాలన్నా పెద్ద సినిమా మనిషే కావాల్సి వచ్చింది. ఇక ‘సినిమా బండి’ చూడండి. ఆంధ్రా-కర్ణాటక సరిహద్దు పల్లెలో ఆటో నడిపే వీరబాబుకి వెనక సీట్లో ఎవరో మర్చిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. ఊళ్లో పెళ్లి ఫోటోలు తీసే గణపతిని కెమెరామన్ చేసి, సినిమా తీసి ఊరిని బాగుచేద్దామంటాడు. ఇక్కడి తెలుగుకి ఇంత దగ్గరగా ఉండే మాటతీరు మరో తెలుగు సినిమాలో విన్నట్టు గుర్తులేదు. 2021 మే నెలలో, లాక్‌డౌన్ మధ్య, నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. థియేటర్లు తెరిచి ఉన్నా సరిహద్దు దాటి బెంగళూరులో దానికెన్ని షోలు దొరికేవో ఊహించుకోవచ్చు.

అభిమానుల వైపూ మాట ఉంది. పెద్ద సినిమా లేకపోతే సింగిల్ స్క్రీన్లు ఎప్పుడో కల్యాణ మండపాలయ్యేవి అంటారు, కొట్టిపారేయలేం. 2018 డిసెంబర్ 21న కేజీఎఫ్ మొదటి భాగం తెలుగులో వచ్చినప్పుడు అదే రోజు రెండు నేరు తెలుగు సినిమాలు కూడా వచ్చాయి, జనం డబ్బింగ్ సినిమానే ఎంచుకున్నారు. ‘లిటిల్ హార్ట్స్’ లాంటి చిన్న సినిమా బాగుంటే ఆడలేదా అని కూడా అడుగుతారు. ఆడింది. దాన్ని విడుదల చేసిన డిస్ట్రిబ్యూటర్లకి స్క్రీన్లు ఎలా పట్టాలో తెలుసు.

ఇక రేటు. 2017 బడ్జెట్‌లో సిద్ధరామయ్య మల్టీప్లెక్స్ టికెట్‌కి 200 పరిమితి ప్రకటించారు. ఉత్తర్వు వచ్చింది మే నెలలో, అంటే ‘బాహుబలి 2’ విడుదలయ్యాక. కోర్టుకెక్కి అది నీరుగారింది. 2024 డిసెంబర్‌లో ‘పుష్ప 2’ టికెట్లు ఇక్కడ వెయ్యి దాటాయి. తెల్లవారకముందు షోలు నిబంధనలకు విరుద్ధమని కన్నడ నిర్మాతలు ఫిర్యాదు చేస్తే జిల్లా యంత్రాంగం వాటిని ఆపించింది. 2025 సెప్టెంబర్ 12న పరిమితి మళ్లీ వచ్చింది: పన్నులు కాక 200, డెబ్బై ఐదు సీట్లలోపు ప్రీమియం హాళ్లకి మినహాయింపు. మల్టీప్లెక్స్ సంఘంతో పాటు హోంబాలే కూడా కోర్టుకెళ్లింది. ఆ సంస్థ సినిమా ‘కాంతార చాప్టర్ 1’ విడుదల అక్టోబర్ 2న. సెప్టెంబర్ 23న హైకోర్టు స్టే ఇచ్చింది. రెండు రోజుల్లో పెద్ద తెలుగు సినిమా ‘ఓజీ’ వచ్చింది. అమ్మిన ప్రతి టికెట్‌కీ లెక్క పెట్టండని డివిజన్ బెంచ్ అంటే, నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ షరతుల్ని ఆపింది.

ఇంత జరిగినా ఆ నిబంధనలో షోల ఊసే లేదు. ఆంధ్రప్రదేశ్ 2022 మార్చి జీవోలో ఉంది: రోజుకి ఐదు షోలు వేసుకుంటే ఉదయం 11 నుంచి రాత్రి 9 లోపు ఒకటి 20 కోట్ల లోపు బడ్జెట్ సినిమాకి ఇవ్వాలి. అలాంటిదే ఇక్కడా పెట్టమని కొందరు తెలుగు కుర్రాళ్లు వాదిస్తున్నారు. పెడితే కర్ణాటక ప్రభుత్వం ఆ షో కన్నడ చిన్న సినిమాకే ఇస్తుంది, ఇవ్వాలి కూడా. ఆంధ్రా జీవో సరిహద్దులోని బాగేపల్లి టోల్‌గేట్ దాటి రాదు.