‘ప్యూర్ వెజ్ అని అక్కడికెళ్లాక చెబుదాంలే’: పేరున్న షెఫ్‌ల రెస్టారెంట్లు, మన అపోహలు

విదేశాల్లో పేరున్న షెఫ్‌ల దగ్గర టేబుళ్లు బుక్ చేసిపెట్టే పనిలో ఉన్నవాళ్లందరికీ ఒక మెసేజ్ బాగా అలవాటు. భోజనానికి ముందురోజు రాత్రి వస్తుంది. "రేపు నలుగురం వెళ్తున్నాం కదండీ, అమ్మానాన్నా ప్యూర్ వెజ్. ఏదో ఒకటి చేసిపెడతారుగా?" అప్పటికి డబ్బు కట్టేసి ఉంటుంది, తిరిగి రాదు. ఆ టైములో ఎవరూ పెద్దగా చేయగలిగింది ఉండదు.

మిషెలిన్ గైడ్ రెస్టారెంట్లకు ఇచ్చే స్టార్ల గురించి, షెఫ్‌ల గురించి వాట్సాప్‌లో తిరిగే కబుర్లకు లెక్కలేదు. వాటిలో చాలావరకు నమ్మినా పోయేదేమీ లేదు. వెజ్ అని అక్కడికెళ్లాక చెప్పొచ్చన్నది మాత్రం జేబుకు చిల్లు పెడుతుంది, పైగా పెద్దవాళ్లు ఆకలితో లేచి రావాల్సొస్తుంది. అందుకే ముందు దీని సంగతి తేల్చేద్దాం.

అపోహ: అంత పెద్ద షెఫ్, అప్పటికప్పుడు వెజ్ చేయలేరా?

చేతకాక కాదు, ఆ వంటగది నడిచే తీరు వేరు. మామూలు హోటల్లో మనం చెప్పాక పొయ్యి మీద పెడతారు. టేస్టింగ్ మెనూ, అంటే షెఫ్ ముందే నిర్ణయించిన చిన్న చిన్న ప్లేట్ల వరస, ఉన్నచోట ఆ పూట ఎంతమంది వస్తున్నారో ముందే తెలుసు కాబట్టి అన్ని ప్లేట్లకే సరుకు తెప్పిస్తారు. మన ముందుకొచ్చేది రెండు మూడు ముద్దలే అయినా దాని వెనక నాలుగైదు తయారీలుంటాయి: ఒక సాస్, సువాసన పట్టించిన నూనె, ఊరబెట్టిన ముక్క, పైన కరకరలాడేది ఇంకోటి. సాస్‌కు మూలం స్టాక్, అంటే ఎముకలో కూరగాయలో మరిగించి తీసిన రసం. ఎముకలతో కాచే బ్రౌన్ స్టాక్ 8 నుంచి 12 గంటలు సన్నసెగ మీద ఉండాలి. తర్వాత వడకట్టి, దగ్గరపడేదాకా మళ్లీ మరిగించాలి. దాని బదులు కూరగాయల సాస్ కావాలంటే అదీ పొద్దున్నే మొదలై ఉండాలి. రాత్రి ఏడున్నరకు మీరు చెబితే వాళ్ల చేతిలో ఉన్న దారి ఒక్కటే: మాంసం తీసేసి, సాస్ మానేసి, పక్కన అలంకరణకు పెట్టింది వడ్డించడం. "పన్నెండు కోర్సుల డబ్బు తీసుకుని ఉడకబెట్టిన క్యారెట్ పెట్టారు" అనే రివ్యూల వెనక చాలాసార్లు జరిగింది ఇదే.

దీనికి కవల అపోహ ఇంకోటుంది, ముక్క తీసేస్తే వెజ్ అయిపోతుందని. జపాన్‌లో చవన్‌ముషి అని మూత ఉన్న చిన్న కప్పులో ఇస్తారు. చూడ్డానికి లేతపసుపు రంగులో జున్నులా ఉంటుంది. పైన ఒక రొయ్య, ఒక పుట్టగొడుగు. "రొయ్య తీసేయండి చాలు" అంటారు మనవాళ్లు. కానీ అందులో ఒక వంతు గుడ్డు, మూడు వంతులు దాషీ. దాషీ అంటే లీటరు నీళ్లలో 10 గ్రాముల కొంబు నాచు నానబెట్టి వేడిచేసి, 20–30 గ్రాముల ఎండు బొనిటో చేప పొరలు వేసి వడకట్టిన నీళ్లు. రొయ్య తీసేసినా ఆ కప్పులో నాలుగింట మూడు వంతులు చేప నీళ్లే. మిసో సూప్‌లో ఇదే ఉంటుంది. ఉడికించిన పాలకూర మీద పోసే రసంలోనూ, చాలాచోట్ల ఉదోన్ నూడుల్స్ పులుసులోనూ ఇదే.

థాయ్‌లాండ్‌లో గ్రీన్ కర్రీ పేస్ట్ నూరేటప్పుడే కపి, అంటే పులియబెట్టిన రొయ్యల ముద్ద, అందులో కలిసిపోతుంది. కూరలో చికెన్ వేయకపోయినా అది ఎక్కడికీ పోదు. ఆకుకూర వేపుడు అంటే ఆల్చిప్పల మాంసంతో చేసే ఆయిస్టర్ సాస్ పడుతుంది. ఇటలీలో రిసోటో అనే అన్నం వంటకం తరచుగా చికెన్ స్టాక్‌తో ఉడుకుతుంది. అసలైన పార్మిజానో రెజ్జానో చీజ్‌ను దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తోనే విరగ్గొడతారు, అది దాని నిబంధన. ఫ్రెంచ్ ఆనియన్ సూప్‌కు బీఫ్ స్టాక్, పన్నాకోటా అనే క్రీమ్ స్వీట్‌కు జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్, సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌కు ఆంకోవీ చేపలు. కొరియాలో కిమ్చీ అనే క్యాబేజీ పచ్చడిలోనే ఉప్పు రొయ్యలో ఫిష్ సాసో ఉంటుంది. నాన్‌వెజ్ తినేవాళ్లకూ ఇక్కడ గోతులున్నాయి. టీవీ షెఫ్ గోర్డన్ రామ్సే పేరు చెప్పగానే అందరూ అడిగే బీఫ్ వెల్లింగ్టన్‌లో బీఫ్ చుట్టూ పుట్టగొడుగుల ముద్ద, దాని చుట్టూ సాధారణంగా పర్మా హామ్ ఉంటాయి. హామ్ అంటే పంది మాంసమే.

మరో మాట. మన దగ్గర వెజ్ అంటే గుడ్డు లేనిది. బయట వెజిటేరియన్ అంటే గుడ్డు ఉండొచ్చు. ఇది విడిగా చెప్పకపోతే తప్పు వాళ్లది కాదు.

చెప్పడం ఎలా? బుక్ చేసేటప్పుడే, సైట్‌లో ఆహార నియమాల గడి ఉంటుంది, అందులో. అదే రోజు రెస్టారెంట్‌కు మెయిల్ కూడా పెట్టండి. కొన్నిచోట్ల 72 గంటల ముందు చెప్పినా ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల బుకింగ్ తర్వాత అసలు మార్చరు. మెయిల్‌లో "ప్యూర్ వెజ్" అని రాస్తే వాళ్లకు అర్థం కాదు. ఇంగ్లిష్‌లో ఈ నాలుగు ముక్కలు విడమర్చి రాయండి:

మా నలుగురిలో ఇద్దరికి మాంసం, చేప, రొయ్య, పీత వంటివేవీ వద్దు, గుడ్డు కూడా వద్దు.
ఎముకల స్టాక్, దాషీ, ఫిష్ సాస్, ఆయిస్టర్ సాస్, జెలటిన్ వద్దు.
పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, తేనె, ఉల్లి, వెల్లుల్లి పర్వాలేదు.
ఇది కుదరకపోతే బుకింగ్ ఖరారు చేసేముందే చెప్పండి.

మూడో వాక్యం చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే షెఫ్ ఎందుకొచ్చిన గొడవని పాల పదార్థాలు కూడా లేని వీగన్ ప్లేట్లు పంపిస్తాడు, వెన్న, క్రీమ్ ఉన్న మంచి డిష్‌లన్నీ మీకు పోతాయి. వెల్లుల్లి తినని ఇళ్లవాళ్లు ఆ మాట తీసి రెండో వాక్యంలో వేసుకోండి.

జవాబు ఎలా వచ్చిందన్నదీ చూడాలి. "మా శాయశక్తులా ప్రయత్నిస్తాం" అని వస్తే దాన్ని సరే అనుకోకండి. అది మర్యాదగా ‘కుదరదు’ అని చెప్పడమే. "పూర్తి వెజ్ మెనూ ఉందా, లేక మామూలు మెనూలో కొన్ని ప్లేట్లు మార్చి ఇస్తారా?" అని సూటిగా అడగండి. మొహమాటం అక్కర్లేదు, వాళ్లకు రోజూ వచ్చే ప్రశ్నే. అడిగినందుకు ఎవరూ చిన్నచూపు చూడరు. భయపడి లేని అలర్జీ ఉందని మాత్రం రాయకండి. అలర్జీ అంటే కత్తులు, బోర్డులు, గిన్నెలు అన్నీ విడిగా పెట్టాలి, దాంతో భయపడి సగం డిష్‌లు ఆపేస్తారు. గుడ్డు అలర్జీ అని రాసి చివర్లో కేక్ తింటే, నిజంగా అలర్జీ ఉన్నవాళ్ల మాట కూడా ఇకమీదట నమ్మరు.

షెఫ్ ఎంచి పెట్టిందే తినే సుషీ ఒమకసే కౌంటర్లు చాలావరకు వెజ్ కుదరదని ముందే చెప్పేస్తాయి. చేప గురించే పెట్టిన కొట్టు అది, బతిమాలి ప్రయోజనం లేదు. జపాన్‌లో బౌద్ధ మఠాల శాకాహార భోజనమైన శోజిన్ ర్యోరి వెతకండి, అందులో దాషీ కూడా కొంబు, ఎండు షిటాకే పుట్టగొడుగులతో చేస్తారు. థాయ్‌లాండ్‌లో పసుపు జెండా మీద ఎర్ర అక్షరాల ‘జే’ గుర్తున్న చోట ఫిష్ సాస్, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వాడరు. దుబాయ్‌లో అవతారా మొత్తం శాకాహారమే, మిషెలిన్ స్టార్ కూడా అందుకుంది. వెజ్ కుటుంబాలకు మొదటి ప్రయత్నంగా అలాంటిది మేలు.

అపోహ: బుకింగే కదా, వెళ్లకపోతే పోయేదేముంది?

మనిషికింత చొప్పున డబ్బు పోతుంది. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి సినిమా టికెట్‌లా ముందే మొత్తం కట్టేది. దీన్ని రద్దు చేస్తే డబ్బు రాదు, కానీ చాలాచోట్ల మీ బదులు వేరేవాళ్లను పంపొచ్చు. రెండోది కార్డు నంబరు మాత్రమే తీసుకునేది. భోజనానికి 48 లేదా 72 గంటల కంటే తక్కువ టైము ఉండగా రద్దు చేస్తే అప్పుడు జరిమానా లాగుతారు. ఎక్కువమంది చూసుకోనిది ఏమిటంటే, నలుగురికి బుక్ చేసి ముగ్గురు వెళ్తే ఆ నాలుగో సీటుకూ జరిమానా పడొచ్చు. ఒకటి రెండు రోజుల ముందు ‘వస్తున్నారా’ అని మెయిల్ వస్తుంది, అది ప్రమోషన్స్ ట్యాబ్‌లో పడి ఉంటుంది. జవాబివ్వకపోతే కొన్నిచోట్ల టేబుల్ ఎత్తేస్తారు. 15–20 నిమిషాలు ఆలస్యమైనా అంతే.

అందుకే దిగిన రోజు రాత్రికి టేబుల్ పెట్టుకోకండి. ఫ్లైట్ రెండు గంటలు లేటయితే భోజనం డబ్బు విమానంవాళ్లు ఇవ్వరు.

బుకింగ్ స్లాట్లు తెరుచుకునే టైము వాళ్ల ఊరి గడియారం ప్రకారం ఉంటుంది. టోక్యోలో అర్ధరాత్రి అంటే మనకు రాత్రి 8:30. బ్యాంకాక్‌లో పొద్దున 10 అంటే మనకు 8:30. అప్పటికే కార్డు సిద్ధంగా ఉండాలి. 2020 అక్టోబరు నుంచి ఆర్బీఐ నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ, ఆన్‌లైన్ లావాదేవీలు మూసి ఉంటాయి, బ్యాంకు యాప్‌లో మనమే తెరవాలి. పేజీ మీద 5 నిమిషాల లెక్క నడుస్తుండగా ఈ పని చేయబోతే సీటు పోతుంది. విదేశంలో ఉండగా బుక్ చేస్తుంటే ఓటీపీ వచ్చే ఇండియా సిమ్‌కు రోమింగ్ ఆన్‌లో ఉండాలి.

అపోహ: బోర్డు మీద పేరుంటే వంట ఆయనే చేస్తాడు

పేరుమోసిన ఫ్రెంచ్ షెఫ్ జోయెల్ రోబుషాన్ 2018లో కన్నుమూశారు. ఆయన పేరుతో రెస్టారెంట్లు ఆ తర్వాతా నడుస్తూనే ఉన్నాయి. ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు. ఇన్ని దేశాల్లో ఇన్ని కొట్లున్న మనిషి ఏ ఒక్క పొయ్యి దగ్గరా రోజూ ఉండడు. మెనూ, శిక్షణ, పేరు ఆయనవి. రోజూ రుచి చూసి ప్లేటు బయటికి పంపేది అక్కడి హెడ్ షెఫ్. కొన్నిచోట్ల పేరు కూడా అద్దెకిచ్చిందే, నడిపేది వేరే కంపెనీ. టీవీ షెఫ్ జేమీ ఆలివర్ బ్రిటన్ రెస్టారెంట్ల వ్యాపారం 2019 మేలో దివాలా తీసి, 25లో 22 ఒక్కసారిగా మూతపడ్డాయి. ఆయన పేరున్న ఫ్రాంచైజీలు మిగతా దేశాల్లో నడిచాయి. కాబట్టి బుక్ చేసేముందు వెతకాల్సింది టీవీలో కనిపించే పేరు కాదు, ఆ ఊళ్లో ఆ వంటగదిని ఇప్పుడు ఎవరు నడుపుతున్నారన్నది. షెఫ్‌ను కళ్లారా చూడాలనే ఉంటే ఒకే ఒక్క కొట్టున్న షెఫ్ దగ్గరికి వెళ్లండి, అదీ కౌంటర్ సీటు అడిగి.

స్టార్ విషయంలోనూ ఇదే పొరపాటు. మిషెలిన్ స్టార్ ఇచ్చేది రెస్టారెంట్‌కు, మనిషికి కాదు. బ్యాంకాక్‌లో రెండు స్టార్లున్న గగ్గన్ 2019లో మూతపడి, అదే షెఫ్ గగ్గన్ ఆనంద్ తన పూర్తి పేరుతో వేరేది తెరిచినప్పుడు పాత స్టార్లు ఆయన వెంట రాలేదు. హైదరాబాద్‌లో ‘మిషెలిన్ స్టార్ షెఫ్‌తో డిన్నర్’ అనే ప్రకటన కనిపిస్తే మూడు ప్రశ్నలు: ఏ రెస్టారెంట్, ఏ సంవత్సరం, అప్పుడు ఆయన అక్కడ ఎవరు? మన దేశానికి మిషెలిన్ గైడ్ లేదు, కాబట్టి ఇక్కడి ఏ హోటల్‌కూ ఆ స్టార్ ఉండదు. ఇది ఫైవ్ స్టార్ హోటల్ లెక్క కూడా కాదు, గది అందంతో దానికి పనిలేదు, ప్లేటులో ఉన్నదే చూస్తారు.

అపోహ: మెనూలో రాసిన ధరే బిల్లు

సింగపూర్, బ్యాంకాక్‌లలో ధర పక్కన ++ ఉంటే సర్వీస్ చార్జి, పన్ను రెండూ అదనం. పైగా పన్ను సర్వీస్ చార్జి మీద కూడా పడుతుంది. బ్యాంకాక్‌లో 8,000 బాత్‌ల మెనూ తీసుకోండి: 10 శాతం సర్వీస్‌తో 8,800, దానిపై 7 శాతం వ్యాట్‌తో 9,416. ఇద్దరికి 18,832, ఇంకా నీళ్ల సీసా కూడా లెక్కలో లేదు. సింగపూర్‌లో సర్వీస్ 10, జీఎస్టీ 9, కలిపితే దాదాపు 20 శాతం. న్యూయార్క్‌లో 8.875 శాతం పన్ను, ఆపైన 18–20 శాతం టిప్పు, అది అక్కడ దాదాపు తప్పనిసరి. లండన్‌లో వ్యాట్ ధరలోనే ఉంటుంది. బిల్లులో కనిపించే 12.5 లేదా 15 శాతం సర్వీస్ మాత్రం ఐచ్ఛికం, దాని పైన మళ్లీ టిప్పు ఇవ్వక్కర్లేదు. జపాన్‌లో టిప్పు ఇవ్వబోతే వెనకాల పరుగెత్తుకొచ్చి తిరిగిస్తారు.

కార్డు మిషన్ మీద ‘రూపాయల్లోనా, బాత్‌లలోనా’ అని అడిగితే బాత్‌లే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లది, అది ఎప్పుడూ మనకు నష్టమే.

మిగతావి గబగబా. స్టార్ ఉంటే లక్షలు కావాలా? సింగపూర్ హిల్ స్ట్రీట్ తాయ్ హ్వా పోర్క్ నూడుల్ అనే హాకర్ కొట్టుకు 2016లో స్టార్ వచ్చింది. బ్యాంకాక్ జే ఫై కూడా వీధి కొట్టే, 2017లో స్టార్ వచ్చింది. స్టార్ కాకుండా మిషెలిన్‌దే బిబ్ గుర్మాండ్ అనే జాబితా చూస్తే అందుబాటు ధరల్లో ఇంకా బోలెడు. కొసరుకొసరు పెడతారు, ఆకలి తీరదా? 12 కోర్సులు, మధ్యలో బ్రెడ్, మూడు గంటలు. ఎక్కువమంది పదో ప్లేటు దగ్గరే చేతులెత్తేస్తారు, సాయంత్రం స్నాక్స్ మానేసి వెళ్లండి. సూటు కావాలా? చాలాచోట్ల అక్కర్లేదు. చెప్పులు, షార్ట్స్, చేతుల్లేని బనీన్లు వద్దంటారు, సైట్‌లో రాసి ఉంటుంది. ఏ ఫోర్కు ఎప్పుడన్న కంగారు కూడా వద్దు, ప్రతి కోర్సుకూ కావాల్సింది వాళ్లే తెచ్చి పెడతారు, తెలియకపోతే బయటి వైపు నుంచి మొదలుపెట్టండి. పిల్లల్ని తీసుకెళ్లేముందు వయసు పరిమితి చూసుకోండి, కొన్నిచోట్ల పన్నెండేళ్లలోపు వాళ్లను రానివ్వరు.

వైన్ వద్దనడానికి సిగ్గుపడేవాళ్లూ ఉన్నారు. వద్దంటే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు. జ్యూసులు, టీలతో ఆల్కహాల్ లేని పెయిరింగ్, అంటే ప్రతి ప్లేటుకూ నప్పే పానీయం, చాలాచోట్ల ఉంటుంది. సాస్‌లలో వైన్ కూడా వద్దనుకునేవాళ్లు ఆ మాట పైన చెప్పిన మెయిల్‌లోనే రాయాలి. నీళ్లు "స్టిల్ ఆర్ స్పార్క్లింగ్?" (మామూలువా, గ్యాస్ ఉన్నవా) అని అడిగితే రెండూ సీసాలే, రెండింటికీ బిల్లు పడుతుంది. "ట్యాప్ వాటర్" అనండి. ఇంగ్లండ్‌లో మద్యం లైసెన్సున్న ప్రతిచోటా అది ఉచితంగా ఇవ్వాలని చట్టమే ఉంది. ఫ్రాన్స్‌లో "కరాఫ్ దో" అంటే సరిపోతుంది.