ఉప్పు లెక్క ప్యాకెట్ వెనక్కి ఎలా చేరింది

ప్యాకెట్లలో అమ్మే ఆహారంలో ఉప్పు, చక్కెర, కొవ్వు మోతాదు మించితే ఆ సంగతి ముందువైపే కనిపించాలా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి మళ్ళీ చర్చలోకి వచ్చింది. లేబుల్ నిబంధనల సవరణపై నిపుణుల కమిటీ సిఫారసులను మూడు నెలల్లో తేల్చాలని 2025 ఏప్రిల్ 9న న్యాయస్థానం ఆదేశించింది. జులైలో మరో మూడు నెలలు గడువిచ్చింది. 2022 నాటి ముసాయిదాపై 14 వేలకు పైగా అభిప్రాయాలు వచ్చాయని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ చెబుతున్నది. ఉప్పుకూ రక్తపోటుకూ ఉన్న సంబంధాన్ని ఇక్కడ మళ్ళీ వివరించనక్కరలేదు. ఈ జాప్యమంతా అర్థం కావాలంటే మాత్రం 2018 ఆగస్టుకు వెళ్ళాలి.

ఆ ఏడాది ఏప్రిల్‌లో వెలువడిన ముసాయిదా, హద్దు దాటిన పోషకాన్ని ప్యాకెట్ ముందువైపు ఎర్రరంగులో చూపాలని చెప్పింది. చదువురాని కొనుగోలుదారుకైనా అర్థమయ్యే ఏర్పాటది. పరిశ్రమ అభ్యంతరం చెప్పింది. ఆగస్టుకల్లా ముసాయిదా పక్కకు వెళ్ళింది. పునఃపరిశీలన బాధ్యతను హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పూర్వ సంచాలకులు బి.శశికిరణ్ నేతృత్వంలోని బృందానికి అప్పగించారు. 2019లో సవరించిన ముసాయిదా వచ్చింది గానీ, 2020లో ఖరారైన నిబంధనల్లో ముందువైపు గుర్తు అసలే లేదు. ఉప్పు వెనకవైపు పట్టికలో మిగిలిపోయింది, అదీ సోడియం పేరుతో, మిల్లీగ్రాముల్లో. దాన్ని 2.5తో గుణిస్తే తప్ప ఉప్పు ఎంతో తేలదు. 800 మిల్లీగ్రాములంటే రెండు గ్రాముల ఉప్పు, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన ఐదు గ్రాముల రోజువారీ హద్దులో 40 శాతం. కిరాణా కొట్లో నిలబడి ఈ గుణకారం చేసేవారు ఎందరుంటారు? రోజువారీ హద్దులో ఎంత శాతమో కూడా ముద్రించాలన్న నియమం ఉన్నది గానీ, ఆ శాతానికి ఆధారమైన ‘ఒకసారి తినే పరిమాణం’ ఎంతో తేల్చేది తయారీదారే.

2022 సెప్టెంబరులో నక్షత్రాల రేటింగ్ వచ్చింది. అహ్మదాబాద్ ఐఐఎం జరిపిన 20 వేలమందికి పైబడిన సర్వేను ఆధారంగా చూపి, అర నక్షత్రం నుంచి ఐదు నక్షత్రాల దాకా మార్కులిచ్చే పద్ధతిని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ప్రతిపాదించింది. అదైనా మొదటి నాలుగేళ్ళూ ఐచ్ఛికమే. సోడియానికి, చక్కెరకు, సంతృప్త కొవ్వుకు పోయిన మార్కులను పీచు, మాంసకృత్తులు, పప్పుధాన్యాలు, గింజలు కొంతవరకు పూడ్చగలవు. ఉప్పు ఎక్కువైన చిరుతిండికి శనగపిండి ఆసరా దొరుకుతుందన్నమాట. చిలీలో 2016 నుంచి సోడియం మించితే సోడియం పేరుతోనే, చక్కెర మించితే చక్కెర పేరుతోనే నల్లని అష్టభుజి ముద్ర పడుతున్నది. హెచ్చరిక కోరుతున్నవారు అడుగుతున్నదీ ఈ విడివిడి లెక్కనే.

పరిశ్రమ వాదన పూర్తిగా తీసివేయదగినది కాదు. బ్రిటన్ వంటి దేశాల్లో ఉప్పు ఎక్కువగా కర్మాగారంలో చేరుతుంది. మన దేశంలో ఇప్పటికీ అధికభాగం వంటింట్లోనే పడుతున్నది. ఆవకాయకు, అప్పడానికి ఎవరూ ముద్ర వేయలేదు కదా అని వారు అడుగుతారు. 2017–18 జాతీయ సర్వే సగటు వాడకాన్ని రోజుకు ఎనిమిది గ్రాములుగా అంచనా వేసింది. 2025 నాటికి దాన్ని 30 శాతం తగ్గించాలని దేశం పెట్టుకున్న లక్ష్యానికి వంటిల్లూ మారవలసిందే. అయితే చేత్తో వేసే ఉప్పును ఇల్లాలు చూసి వేస్తుంది, ప్యాకెట్‌లోనిది ఆమెకు కనబడదు. ఈ తేడాను ఆ వాదన దాటవేస్తుంది.

వంటింటి వైపు పని ఆలస్యంగానైనా మొదలైంది. వ్యాధుల వ్యాప్తిని అధ్యయనం చేసే చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ తెలంగాణ, పంజాబ్ రాష్ట్రాల్లో మూడేళ్ళ అధ్యయనం చేపట్టి, ఉప్పు తగ్గించుకునేలా ప్రజలకు సలహాలిస్తున్నది. సోడియం క్లోరైడ్‌లో కొంత భాగాన్ని పొటాషియం లవణంతో మార్చిన ఉప్పును కూడా ప్రోత్సహిస్తున్నారు. మూత్రపిండాల జబ్బున్నవారు దాన్ని వైద్యుల సలహా లేకుండా వాడరాదు. ఈ సలహాలు అందుతున్న ఇళ్ళలో పిల్లలు కొనుక్కునే చిప్స్ ప్యాకెట్ మీద సోడియం అంకె మాత్రం వెనకవైపే ఉన్నది.