కాన్‌కూన్ ఇసుకలో నిమ్మకాయ పిండితే

మెమోరియల్ డే వీకెండ్‌కి డాలస్ నుంచి కాన్‌కూన్ వెళ్లాం, నాలుగు రోజులకి. అమ్మ వైజాగ్ నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదని తెలిశాక తనని ఇంట్లో వదిలి వెళ్లే ప్రసక్తే లేదు. ప్వెర్తో మోరెలోస్ దగ్గర రిసార్ట్‌కి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఆర్కే బీచ్‌లో మే నెల ఎండకి చెప్పులు విప్పితే కాళ్లు ఎలా బొబ్బలెక్కుతాయో తెలిసిన మనిషి కాబట్టి అమ్మ చెప్పులతోనే ఇసుకలోకి దిగింది. మా అమ్మాయి మాత్రం ఉత్తకాళ్లతో పరిగెత్తింది. "నానమ్మా, కాళ్లు కాలట్లేదు, నువ్వూ చెప్పులు విప్పెయ్!"

నిజమే, కాలట్లేదు. ఆ ఇసుక పిండిలా మెత్తగా, కళ్లు చెదిరేంత తెల్లగా ఉంది. తెలుపు కాబట్టి వచ్చిన ఎండలో చాలా భాగాన్ని తిప్పి కొట్టేస్తుంది. వైజాగ్ ఇసుక సంగతి వేరు. తూర్పు కనుమల రాళ్లు అరిగి, గెడ్డలూ ఏరులూ మోసుకొచ్చిన ఇసుక అది. ఎక్కువ భాగం క్వార్ట్జ్, అంటే పలుగురాయి అయినా గార్నెట్, ఇల్మెనైట్ లాంటి ముదురు రంగు ఖనిజాలు కలిసి ఉంటాయి, భీమిలి వైపు అయితే నల్లటి చారలు కూడా కనిపిస్తాయి. ముదురు రంగు ఎండని మింగేస్తుంది. కాన్‌కూన్ ఇసుక ఏ కొండ మీంచీ రాలేదు, అసలు ఇక్కడ కొండలే లేవు. గవ్వలు, పగడాలు, సున్నం పట్టిన నాచు మొక్కలు విరిగి పొడైతే ఏర్పడిన ఇసుక ఇది. అంటే రాయి పొడి కాదు, ఒకప్పటి ప్రాణుల ఒంటి మీది సున్నం.

దీన్ని నిరూపించడానికి ల్యాబ్ ఏమీ అక్కర్లేదు. మెక్సికోలో ఏ ప్లేటు తెచ్చినా పక్కన నిమ్మచెక్క పెడతారు. పేపర్ కప్పులో రెండు చెంచాల ఇసుక పోసి, మూడు చెక్కల రసం మా అమ్మాయి చేతే పిండించాను. సన్నటి బుడగలు పైకి లేచాయి, కప్పు చెవి దగ్గర పెట్టుకుంటే సుయ్యిమని చప్పుడు. ఇసుకలోని కాల్షియం కార్బొనేట్ నిమ్మరసంలోని ఆమ్లంతో కలిసి కార్బన్ డయాక్సైడ్‌ని వదులుతోంది. అదే రసం క్వార్ట్జ్ ఇసుక మీద ఎంత పిండినా ఉలుకూ పలుకూ ఉండదు.

ఈ తీరం ఇసుకలో మరో రకం రేణువులు కూడా ఉన్నాయి, నాకు అన్నిటికన్నా ముచ్చటేసినవి అవే. భోజనం అయ్యాక హోటల్లో ఇచ్చే రంగురంగుల సోంపు ఉంది చూడండి, గింజని పాకంలో దొర్లిస్తూ పోతే పొర మీద పొర పంచదార పడుతుంది. సరిగ్గా అలాగే, వెచ్చటి లోతులేని సముద్రంలో చిన్న గవ్వముక్క అలలకి అటూ ఇటూ దొర్లుతుంటే దాని చుట్టూ సున్నం పొరలు పొరలుగా పేరుకుని గుండ్రటి పూస తయారవుతుంది. వీటిని ఊయిడ్లు అంటారు. చిలుక చేపలు చేసే ఇసుక ఇంకోటి. మర్నాడు పగడాల దిబ్బ దగ్గర తల నీళ్లలో ముంచితే అప్పడం నమిలినట్టు కరకరమని వినిపించింది. నాచు కోసం అవి పగడాన్ని కొరికి, నమిలి, అరగని సున్నాన్ని తెల్లటి ఇసుకగా వదిలేస్తాయి. అది చూసి మా అమ్మాయి ఆ పూట ఇసుక ముట్టుకోనంది, సాయంత్రానికి మర్చిపోయి గూళ్లు కట్టింది.

ఇసుకే కాదు, దాని కింద ఉన్న నేల మొత్తం సున్నపురాయే. కృష్ణా, గోదావరి పేర్లు వింటూ పెరిగిన మనకి ఊహకందని విషయం ఏంటంటే, కాన్‌కూన్ ఉన్న యుకతాన్ ద్వీపకల్పం ఉత్తర భాగంలో నేల మీద పారే నది ఒక్కటి కూడా లేదు. వాన పడకా కాదు, బాగానే పడుతుంది. గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్ కలుపుకున్న వాన నీరు గోలీసోడా నీళ్లలా కాస్త ఆమ్లంగా మారి, పగుళ్లలోకి దిగి, రాతిని కొంచెం కొంచెంగా కరిగించేస్తుంది. బెలూం గుహలనీ తొలిచింది ఈ రసాయన చర్యే. ఇక్కడ నదులన్నీ నేల కిందే పారుతున్నాయి. పైకప్పు కూలిన చోట నీళ్ల గుండం కనబడుతుంది. దాన్నే సెనోటే అంటారు, ఇక్కడి మూలవాసులైన మాయా ప్రజల భాషలో జొనోత్. తులుమ్ దగ్గర సాక్ అక్తున్ అనే నీటి గుహలని మరో గుహతో కలిపే దారి ఈతగాళ్లకి 2018లో దొరికినప్పుడు, మొత్తం పొడవు దాదాపు 347 కిలోమీటర్లని తేలింది. హైదరాబాద్ నుంచి విజయవాడ దాటి ఇంకా ముందుకు వెళ్లినంత దూరం, అంతా చీకట్లో, నీళ్లలో!

తీరానికి దగ్గర్లో ఇంకో విచిత్రం జరుగుతుంది. తేలికైన మంచినీరు పైన, బరువైన సముద్రపు నీరు కింద ఉంటాయి. రెండూ కలిసే చోట చూపు మసకబారుతుంది, షర్బత్‌లో పంచదార వేసి కలపకముందు నీళ్లలో తీగలు తీగలుగా కనిపిస్తుందే, అలా. పైనున్న నీరు, కిందనున్న నీరు విడివిడిగా అప్పటికే సున్నంతో నిండిపోయి, ఇక రాతిని కరిగించలేని స్థితిలో ఉన్నా, రెండూ కలిస్తే ఆ మిశ్రమానికి మళ్లీ కరిగించే శక్తి వస్తుంది. తీరం వెంట ఇన్ని గుహలు ఉండటానికి ఇదొక పెద్ద కారణం.

సెనోటేలో నీళ్లు చల్లగా, అడుగు కనిపించేంత స్వచ్ఛంగా ఉన్నాయి. నీళ్ల లోపల పైనుంచి వేలాడే రాతి ఊడలు కనిపించాయి. చుక్క చుక్కగా నీరు కారితేనే ఏర్పడే ఊడలు మునిగిన గుహలో ఎలా వచ్చాయి? మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా తక్కువ ఉండేది. ఆ రోజుల్లో ఈ గుహలు పొడిగా ఉన్నాయి, మనుషులు లోపలికి నడిచి వెళ్లారు కూడా. హోయో నెగ్రో అనే గుహలో 2007లో ఒక టీనేజీ అమ్మాయి ఎముకలు దొరికాయి, వయసు 12,000 ఏళ్ల పైమాటే. చీకట్లో దారి తప్పి ఆ గోతిలో పడిపోయి ఉంటుందని అంటారు. ఆ సంగతి చెబుతుంటే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

ఈ రాయి భూమి చరిత్రనే మార్చేసింది. పశ్చిమాన మెరిడా నగరం వైపు సెనోటేలు విల్లులా వంగిన వరసలో ఉంటాయి. 6.6 కోట్ల ఏళ్ల క్రితం, పది కిలోమీటర్లకి అటూ ఇటూగా ఉన్న గ్రహశకలం పడి ఏర్పడిన చిక్షులూబ్ బిలం అంచు అది. బిలం వెడల్పు సుమారు 180 కిలోమీటర్లు, ఇప్పుడు కొత్త సున్నపురాయి కింద కప్పబడిపోయింది. చమురు కోసం చేసిన సర్వేల్లో 1970ల చివర గ్లెన్ పెన్‌ఫీల్డ్, ఆంటోనియో కమార్గో దాని ఆనవాళ్లు పట్టుకున్నారు. ఆ దెబ్బ లోతైన సముద్రంలో పడి ఉంటే కథ వేరేగా ఉండేదేమో. పడింది సున్నపురాయి మీద, గంధకం నిండిన జిప్సమ్ లాంటి రాళ్ల మీద. అవి ఆవిరై ఆకాశంలోకి లేచి, మసితో, ధూళితో కలిసి ఎండని అడ్డుకున్నాయి. పక్షులుగా మిగిలినవి తప్ప డైనోసార్లన్నీ పోయాయి.

మూడో రోజు పొద్దున టిఫిన్ దగ్గర అమ్మ వేడి తోర్తియా, అంటే మొక్కజొన్న రొట్టె, చింపి వాసన చూసి, "ఏరా, ఇందులో సున్నం వేశారేంటి?" అంది. రోజూ తాంబూలం వేసుకునే ముక్కు, పొరబడదు. మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి రుబ్బుతారు. మాయా ప్రజలు ఈ రాతినే కాల్చి సున్నం చేసుకునేవారు. సున్నం తగిలితే పొట్టు ఊడుతుంది, పిండికి జిగి వస్తుంది, అన్నిటికన్నా ముఖ్యంగా గింజలో బిగుసుకుపోయి ఉన్న నయాసిన్ అనే విటమిన్ ఒంటికి పట్టేలా విడుదలవుతుంది. మొక్కజొన్న యూరప్‌కి వెళ్లింది కానీ ఈ పద్ధతి దానితో పాటు వెళ్లలేదు. దాన్నే ముఖ్య ఆహారంగా తిన్న పేదలు తరతరాలుగా నయాసిన్ లోపం వల్ల వచ్చే పెల్లాగ్రా జబ్బుతో చచ్చిపోయారు. నాకు బాధ కలిగించే విషయం ఇది, మందు వంటింట్లోనే ఉంది, అడిగి తెలుసుకున్నవాళ్లు లేరు. హైదరాబాద్ ప్రాంతంలో జొన్న తినేవాళ్లలో కూడా ఇదే జబ్బు కనిపిస్తే 1960 నాటికే పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ బృందం దాని మీద పరిశోధన చేసింది.

మా గది గోడల నున్నటి పూత కూడా సున్నమే. చుకుమ్ అనే చెట్టు బెరడు నానబెట్టిన నీళ్లు కలిపి పూస్తారట. మన పాత మేడల గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు పోసేవారని అమ్మ వెంటనే అందుకుంది.

ఒక్క విషయంలో మాత్రం భయం వేస్తుంది. చిల్లులు చిల్లులుగా ఉన్న ఈ నేల దేన్నీ వడకట్టదు. ఊళ్ల మురుగు, హోటళ్ల మురుగు, కుళ్లబెట్టడానికి కుప్ప పోసిన, ఒడ్డుకి కొట్టుకొచ్చే సర్గాసం అనే సముద్రపు నాచు ఊట, ఏది కారినా గుహల్లోకి, అక్కడి నుంచి పగడాల దాకా పోతుంది. ఇప్పుడు ఈ ద్వీపకల్పం చుట్టూ వేసిన మాయా రైలు మార్గం కోసం గుహల పైకప్పుల్లోంచి వేల స్తంభాలు దింపారు. తాగే నీరు ఉన్న రాతిని అలా పొడవడం నాకు మింగుడు పడలేదు. సెనోటేలోకి దిగేముందు స్నానం చేయమన్నారు, సన్‌స్క్రీన్ వద్దన్నారు. మా అమ్మాయి వీపు రెండోసారి రుద్ది కడిగాం.

చివరి రోజు బయల్దేరుతుంటే పెద్ద వాన. తోట చివర గచ్చు లేని చోట నేల బోడి రాయి, బొరియలు బొరియలుగా ఉంది. పిల్ల అక్కడే గొడుగు పట్టుకుని కూర్చుంది. అంత వానకీ ఒక్క గుంట నిండలేదు, పడ్డ నీరు పడ్డట్టే రాతిలోకి దిగిపోతోంది.

"ఎక్కడికి పోతున్నాయి నాన్నా?"

"మొన్న మనం ఈదిన చోటికే."