కంటిపాప ‘ఎంత’ అనేది చెబుతుంది, ‘ఎందుకు’ అనేది చెప్పదు

“ఇష్టమైనవాళ్లు కనిపిస్తే కంటిపాపలు పెద్దవవుతాయంటారు, నిజమేనా?” అని ఒక పాఠకురాలు అడిగారు. నిజమే. అయితే భయపెట్టేవాళ్లు ఎదురుపడినా పెద్దవవుతాయి. 17ని 24తో నోటిలెక్కగా హెచ్చవేయమన్నా పెద్దవవుతాయి. నన్ను పట్టి లాగే విషయం ఇదే.

బడిలో వెలుతురుకి కంటిపాప చిన్నదవుతుంది, చీకట్లో పెద్దదవుతుంది అని చెప్పి వదిలేస్తారు. అసలు కథ దాన్ని నడిపే రెండు కండరాలది. మూతికి తాడు కట్టిన సంచిని ఊహించుకోండి. కంటిపాప అంచున గుండ్రంగా చుట్టుకున్న కండరం ఆ తాడు. అది బిగిస్తే మూతి ముడుచుకుంటుంది. కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయమైన ఐరిస్‌లో లోపలి నుంచి బయటి అంచుకి పరుచుకున్న కండరం, మూతిని అన్ని వైపులా పట్టుకుని లాగే చేతులు. ఈ రెండింటి లాగులాటలోనే కంటిపాప వ్యాసం దాదాపు 2 నుంచి 8 మిల్లీమీటర్ల మధ్య మారుతూ ఉంటుంది.

తాడు బిగించే ఆజ్ఞ మధ్యమెదడులోని ఎడింగర్-వెస్ట్‌ఫాల్ కేంద్రకం అనే నాడీకణాల గుంపు నుంచి మూడో కపాలనాడి ద్వారా వస్తుంది. అక్కడ పనిచేసే రసాయనం ఎసిటైల్‌కోలిన్. లాగే చేతులకి వచ్చే ఆజ్ఞది చాలా చుట్టుదారి. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో బయలుదేరి, వెన్నుపాములో ఛాతీ పైభాగం దాకా దిగి, ఊపిరితిత్తి పైకొన పక్కనుంచి మళ్లీ మెడలోకి ఎక్కి కంటికి చేరుతుంది. చివర్లో విడుదలయ్యేది నార్‌ఎడ్రినలిన్. అందుకే ఊపిరితిత్తి పైకొనలో గడ్డ వస్తే ఆ వైపు కంటిపాప చిన్నదైపోవచ్చు. ఛాతీలో జబ్బు కంట్లో కనబడటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే!

ఉద్వేగం కలిగినప్పుడు చేతులు గట్టిగా లాగుతాయి, తాడు కూడా వదులవుతుంది. ఈ రెండో సంగతికి మంచి సాక్ష్యం ఉంది. 1996లో బ్రిటన్‌లో కొందరికి కరెంటు షాక్ తగలబోతోందని చెప్పి, ఆ టెన్షన్‌లో ఉండగానే కంట్లోకి కాంతి వేసి చూశారు. కంటిపాప మొదటే పెద్దదై ఉంది. కాంతి పడ్డప్పుడు మామూలుగా ముడుచుకోవాల్సినంత ముడుచుకోలేదు. అంటే భయం తాడు పట్టునే సడలించింది.

1960లో ఎక్‌హార్డ్ హెస్, జేమ్స్ పోల్ట్ అనే శాస్త్రవేత్తలు ఆసక్తి కలిగించే బొమ్మలు చూపిస్తే కంటిపాప విప్పారుతుందని ప్రకటించారు. నచ్చనివి చూస్తే ముడుచుకుంటుందని కూడా హెస్ వాదించారు. ఆ రెండో మాట నిలబడలేదు. 2008లో మార్గరెట్ బ్రాడ్లీ బృందం చూపినదేమిటంటే, బొమ్మ ఆహ్లాదంగా ఉన్నా, భయంకరంగా ఉన్నా, ఏ భావమూ కలిగించని బొమ్మకంటే కంటిపాప ఎక్కువ విప్పారుతుంది. చర్మం చెమర్చే తీరూ దానితోపాటే మారింది. అది కూడా, లాగే చేతులకి ఆజ్ఞ మోసే సింపథెటిక్ నాడుల పనే కాబట్టి లెక్క చక్కగా కుదిరింది.

ఇక 1966లో డేనియల్ కానెమన్, జాక్సన్ బీటీ చేసిన ప్రయోగమంటే నాకు ప్రాణం. సెకనుకి ఒక అంకె చొప్పున వినిపించి గుర్తుపెట్టుకోమన్నారు. ఒక్కో అంకె చేరేకొద్దీ కంటిపాప కాస్త కాస్త పెరిగింది. అంకెలు తిరిగి అప్పజెబుతుంటే ఒక్కో అంకెకీ తగ్గుతూ వచ్చింది. మనసు మీది బరువు దించుకోవడాన్ని కెమెరాతో కొలిచినట్టే!

కళ్లలోకి చూసి ప్రేమో అబద్ధమో పసిగట్టేస్తామనే నమ్మకాన్ని మాత్రం వదిలేయాలి. ఉద్వేగం తెచ్చే మార్పు సాధారణంగా అర మిల్లీమీటరు లోపే. గదిలో దీపం మారితే అంతకు ఎన్నో రెట్లు మారుతుంది. నల్లటి కళ్లలో కంటిపాప అంచు కనిపించడమే కష్టం. అందుకే ప్రయోగశాలలో బొమ్మలన్నిటి వెలుతురూ ముందు సమానం చేస్తారు. పరారుణ కాంతిలో పనిచేసే కెమెరా పెడతారు. బొమ్మ కనబడగానే వచ్చే తొలి ముడుచుకోలు అయిపోయేదాకా ఆగి, ఒకటి రెండు సెకన్ల తర్వాతి విప్పారడాన్ని కొలుస్తారు.