ఉప్పునీటి అక్వేరియం: కొత్తవాళ్ళ అపోహలు, అసలు వాస్తవాలు

హైదరాబాద్‌లో ఇళ్ళకీ ఆఫీసులకీ మెరైన్ ట్యాంకులు పెట్టడం, ఆ తర్వాత నెలనెలా వెళ్ళి వాటిని చూసుకోవడం నా పని. కొత్తగా ఫోన్ చేసేవాళ్ళు చాలామంది ముందు అడిగేది "క్లౌన్‌ఫిష్ జత ఎంతండీ?" అనే. నీళ్ళ సంగతి అడిగేవాళ్ళు తక్కువ. తీరా చేపలు పోయేది ఎక్కువగా నీళ్ళ వల్లే, కాబట్టి ఇక్కడ కూడా నీళ్ళతోనే మొదలుపెడతాను.

అపోహ: ఉప్పునీళ్ళే కదా, కళ్ళుప్పు కలిపితే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. శ్రీకాకుళం జిల్లా నౌపడ వైపు ఉప్పు మడులు చూసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. సముద్రపు నీరు మడిలో ఎండేకొద్దీ ఉప్పు అడుగున గడ్డకడుతుంది, పైన మిగిలిన చేదు నీళ్ళని బయటికి వదిలేస్తారు. మెగ్నీషియం చాలావరకు ఆ వదిలేసిన నీళ్ళలోనే పోతుంది. కాల్షియం అంతకంటే ముందే, ఉప్పు కట్టకముందే, సున్నపురాయిగా, జిప్సంగా అడుగుకి దిగిపోయి ఉంటుంది. మన చేతికొచ్చేది దాదాపు అంతా సోడియం క్లోరైడే. అసలు సముద్రంలో లీటరుకి 400 మిల్లీగ్రాముల దాకా కాల్షియం, 1300 మిల్లీగ్రాముల దాకా మెగ్నీషియం ఉంటాయి. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) పడిపోకుండా పట్టి ఉంచే కార్బొనేట్లు కూడా కావాలి. అందుకే అక్వేరియం షాపుల్లో దొరికే మెరైన్ సాల్టే వాడాలి, లీటరుకి సుమారు 35 నుంచి 38 గ్రాములు, అంటే వంద లీటర్లకి మూడున్నర నాలుగు కిలోలు. దాన్ని చేపలున్న ట్యాంకులో నేరుగా పోయకూడదు, వేరే డ్రమ్ములో చిన్న పంపు పెట్టి ఒక రాత్రంతా తిరగనిచ్చి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35) ఉందో లేదో చూసుకుని అప్పుడు వాడాలి. నాలుక మీద చుక్క వేసుకుని చూసేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకో దండం.

"వైజాగ్‌లో మా బావ ఉన్నాడండీ, క్యాన్లలో సముద్రం నీళ్ళే పంపిస్తాడు" అనేది దీనికి తమ్ముడు లాంటి అపోహ. బీచ్ ఒడ్డున దొరికేది గెడ్డల మురుగు, ఓడరేవు నూనె కలిసిన నీళ్ళు. వర్షాకాలంలో నదుల వరద వచ్చి కలిసినప్పుడు తీరం దగ్గర ఉప్పదనం కూడా తగ్గిపోతుంది. పైగా ఆ నీళ్ళలో కంటికి కనపడని ప్రాణులు బోలెడు, మూత బిగించిన క్యాన్‌లో అవన్నీ చచ్చి కుళ్ళి, నీళ్ళు మీ ఇంటికి చేరేసరికి అందులో చేపలకి విషమైన అమ్మోనియా తయారై ఉంటుంది.

ఉప్పు కలపడానికి వాడే మంచినీళ్ళ విషయంలోనూ జాగ్రత్త. బోరు నీళ్ళు వద్దు. ఇంట్లో ఆర్ఓ ఉందిగా అంటారు, ఒకసారి నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి, తాగేవాళ్ళకి రుచి కోసం చాలా మెషిన్లలో కొంత ఖనిజాలు వదిలేస్తారు, అందుకే సున్నా రాదు. మనకి సున్నా కావాలి, ఆర్ఓ తర్వాత, మిగిలిన లవణాలని కూడా లాగేసే డీఐ రెజిన్ పెట్టుకుంటే వస్తుంది.

అపోహ: కొత్తగా మొదలుపెడుతున్నాం, చిన్న ట్యాంకైతే తేలిక.

వాస్తవం: తిరగేసి చెప్పుకోవాలి. నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరవదు. పది లీటర్ల ట్యాంకులో అర లీటరు ఎగిరిపోతే ఉప్పదనం 35 నుంచి దాదాపు 37కి ఎక్కుతుంది. రెండు వందల లీటర్లలో అదే అర లీటరు పోతే చేపకి తెలియను కూడా తెలియదు. చోటుంటే వందా నూటయాభై లీటర్లకి తగ్గకండి. ఇక తగ్గిన నీటిని మళ్ళీ నింపేటప్పుడు ఉప్పు కలిపిన నీళ్ళు పోస్తారు చాలామంది, అక్కడ పోయాల్సింది ఉప్పు కలపని ఆర్ఓ-డీఐ నీళ్ళే.

అపోహ: నీళ్ళు అద్దంలా ఉన్నాయి, రేపు చేపలు వేసేయొచ్చు.

వాస్తవం: అమ్మోనియాకి రంగు ఉండదు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి రాళ్ళ మీద, ఫిల్టర్‌లో కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మెరైన్ ట్యాంకు పీహెచ్ 8 దాటి ఉంటుంది కాబట్టి అదే మోతాదు అమ్మోనియా మంచినీటి ట్యాంకులో కంటే ఇక్కడ ఎక్కువ విషం. చేప లేకుండానే సైకిల్ చేయండి, అంటే ఆ బ్యాక్టీరియాని ముందే కుదురుకోనివ్వండి: బజారులో కొన్న పచ్చి రొయ్య ఒకటి పలచటి గుడ్డలో కట్టి ట్యాంకులో వేయండి, అది కుళ్ళేకొద్దీ అమ్మోనియా వస్తుంది. టెస్ట్ కిట్‌లో పసుపుగా ఉండాల్సిన ట్యూబు ఆకుపచ్చకి తిరుగుతుంది, కొన్ని వారాలకి మళ్ళీ పసుపుకి వస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే మొదటి చేప. ఇంట్లో వాసన గురించి గొడవ అవుతుంది, రొయ్య బదులు అమ్మోనియం క్లోరైడ్ వాడితే ఆ గొడవ ఉండదు. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా కొంత తొందరపెడుతుంది కానీ టెస్ట్ మాత్రం మానొద్దు.

అపోహ: హీటర్ కొన్నాం, ఇక టెంపరేచర్ టెన్షన్ లేదు.

వాస్తవం: మన దగ్గర టెన్షన్ చలికాలంలో కాదు, మే నెలలో. మనం ఉంచాల్సింది 25 నుంచి 27 డిగ్రీలు. హైదరాబాద్ ఎండ పొడిగా ఉంటుంది కాబట్టి నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, అదే ఫ్యాన్ వైజాగ్‌లోనో కాకినాడలోనో పెట్టండి, ఆ ఉక్కలో పెద్దగా పని చేయదు, నీళ్ళని చల్లబరిచే చిల్లర్ కొనాల్సిందే. దీనికి కరెంటు కోత తోడైతే ఇంకా కష్టం. ఒకే వేడి దగ్గర మంచినీటి కంటే ఉప్పునీటిలో ఆక్సిజన్ దాదాపు ఐదో వంతు తక్కువ పడుతుంది, నీళ్ళు వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొని పెట్టుకోండి, చేపకంటే ముందే కొనండి.

చేపల గురించి త్వరగా చెప్తాను. క్లౌన్‌ఫిష్‌కి ఎనిమోన్ (సముద్రంలో అది ఆశ్రయం పొందే, పువ్వులా కనిపించే ప్రాణి) తప్పనిసరి కాదు. హేచరీలో పుట్టినవి అడిగి తీసుకోండి, మన దేశంలోనే సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు వీటిని పెంచే పద్ధతి తయారుచేశారు, ఇవి సముద్రంలో పట్టినవాటికంటే ట్యాంకుకి, మేతకి త్వరగా అలవాటు పడతాయి. రెండు చిన్నవి వేస్తే పెత్తనం చేసేది ఆడది అవుతుంది, జత వెతకక్కర్లేదు. నీలం టాంగ్ మాత్రం వద్దు, షాపులో వేలెడంత ఉన్నది అడుగు దాకా పెరుగుతుంది. ట్యాంకు చిన్నదైతే చేప కూడా చిన్నగా ఆగిపోతుందన్నది ఉత్త మాట.

అపోహ: పగడాలు డబ్బు పెడితే దొరుకుతాయి, పెట్టుకోవచ్చు.

వాస్తవం: రీఫ్ కట్టే గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూల్ 1లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి, విసనకర్రల్లా ఉండే పగడాలైన సీ ఫ్యాన్లు కూడా. సముద్రంలోంచి విరిచి తెచ్చిన పగడం, పగడపు రాయి మీ ఇంట్లో దొరికితే కేసు మీ మీదే. షాపతను "లైవ్ రాక్ (బ్యాక్టీరియా, చిన్న ప్రాణులు ఉన్న సముద్రపు రాయి) ఉంది సార్" అంటే ఎక్కడినుంచి వచ్చిందో అడగండి. సిరామిక్ రాక్ చాలు, చిల్లులు చిల్లులుగా ఉన్నది తీసుకుంటే బ్యాక్టీరియాకి కావాల్సినంత చోటు దొరుకుతుంది.

ఇంకొక్కటి: చేప ఒంటి మీద తెల్ల మచ్చలు కనపడగానే కాపర్ మందు తెచ్చి మెయిన్ ట్యాంకులో పోయకండి. రొయ్యలు, నత్తలు ముందు చస్తాయి, రాళ్ళు, ఇసుక ఆ రాగిని పీల్చుకుని తర్వాత కూడా వదులుతూనే ఉంటాయి. వేరే చిన్న ట్యాంకు, ఒక స్పాంజ్ ఫిల్టర్, చేప దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు చాలు, కొత్త చేపని ముందు అందులో నాలుగు వారాలు ఉంచండి, మందు వేయాల్సివస్తే అక్కడే వేయండి.