ఫెడరల్ జడ్జి ఉద్యోగం: మనవాళ్ల అపోహలు, అసలు సంగతులు

అమెరికాలో ఫెడరల్ (అంటే కేంద్ర స్థాయి) డిస్ట్రిక్ట్ కోర్టుల్లో క్రిమినల్ కేసులు వాదిస్తుంటాను. ఇండియా నుంచి చుట్టాలు ఫోన్ చేసినా, ఇక్కడ ఫంక్షన్లలో ఎవరైనా కలిసినా జడ్జిల గురించి అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: ఇమిగ్రేషన్ జడ్జి, ఫెడరల్ డిస్ట్రిక్ట్ జడ్జి ఒకటే.
కాదు. ఇమిగ్రేషన్ జడ్జి న్యాయశాఖ ఉద్యోగి. డిస్ట్రిక్ట్ జడ్జిని అధ్యక్షుడు నామినేట్ చేయాలి, సెనేట్ ఆమోదించాలి. రాష్ట్రాల కోర్టులు మళ్లీ వేరు. విజయవాడలో పుట్టిన బాడిగ జయ గారు 2024లో నియమితులైన శాక్రమెంటో సుపీరియర్ కోర్టు కాలిఫోర్నియా రాష్ట్రానిది.

అపోహ: సీనియారిటీని బట్టి ప్రమోషన్, వయసు రాగానే రిటైర్మెంట్.
మన జిల్లా జడ్జిల లెక్క ఇక్కడ పనికిరాదు. పై కోర్టుకు వెళ్లాలంటే మళ్లీ నామినేషన్, మళ్లీ సెనేట్. సోటోమేయర్ 1992లో డిస్ట్రిక్ట్ జడ్జి అయ్యి, 2009లో సుప్రీంకోర్టు చేరారు కానీ అలాంటివాళ్లు బహు అరుదు. రిటైర్మెంట్ వయసే లేదు. 65 ఏళ్లు నిండి, 15 ఏళ్ల సర్వీసు ఉంటే సీనియర్ హోదా తీసుకుని కేసులు తగ్గించుకోవచ్చు. కాన్సస్‌లో వెస్లీ బ్రౌన్‌ను 1962లో కెనెడీ నియమిస్తే, 2012లో 104వ ఏట చనిపోయేదాకా జడ్జిగానే ఉన్నారు! బలవంతంగా తీసేయాలంటే అభిశంసన ఒక్కటే దారి. అలా పదవి పోయింది ఎనిమిది మందికే.

అపోహ: రోజూ ట్రయల్సే.
క్రిమినల్ కేసుల్లో నూటికి తొంభైకి పైగా నేరం ఒప్పుకోవడంతోనే తేలిపోతాయి. జడ్జి రోజు ఎక్కువగా మోషన్లు (లాయర్లు కోర్టుకు పెట్టే అర్జీలు) చదవడంలో, లా క్లర్కులతో (జడ్జికి సాయపడే లాయర్లు) కూర్చుని ఆర్డర్లు రాయడంలో గడిచిపోతుంది.

అపోహ: శిక్ష పుస్తకం చూసి వేసేస్తారు.
నిజానికి ఈ ఉద్యోగంలో బరువైన పని ఇదే. నిందితుడి నేరం, నేపథ్యం గురించి ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు ముందే వస్తుంది. ఏ నేరానికి ఎంత శిక్షో సూచించే గైడ్‌లైన్స్ పట్టికలో 46 నుంచి 57 నెలలు అని ఉందనుకోండి, 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన బూకర్ తీర్పు తర్వాత అది సలహా మాత్రమే. చట్టం కనీస శిక్ష పెట్టిన నేరాలు తప్ప, జడ్జి కిందికీ పోవచ్చు, పైకీ పోవచ్చు. కారణం మాత్రం కోర్టులో అందరి ముందూ చెప్పాలి. దానికి ముందు నిందితుడు లేచి తన మాట చెప్పుకోవచ్చు. ఫెడరల్ వ్యవస్థలో పెరోల్ ఎప్పుడో ఎత్తేశారు కాబట్టి, పడిన నెలల్లో చాలావరకు లోపల ఉండాల్సిందే.

కుటుంబాలు రాసే ఉత్తరాలు కూడా జడ్జి ముందుకు వెళతాయి. అందుకే నా క్లయింట్ల అమ్మానాన్నలకు గట్టిగా చెబుతాను: నేరం ఒప్పుకున్నాక "మావాడు ఏ తప్పూ ఎరగడు" అని రాయకండి, బెడిసికొడుతుంది. వాడు ఎవరికి ఏం సాయం చేశాడో, జైలుకెళితే ఇంట్లో ఎవరికి ఏ ఇబ్బందో రాయండి. ఒక్క పేజీ చాలు.